ఇంకా రాని కారు కోసం కుప్పం దాకా

ఒంగోలు నుంచి కుప్పం ఎందుకు వెళ్లావని అడిగిన వాళ్లందరికీ కారు చూడటానికని చెప్పాను. కార్లు చూడటానికి హైదరాబాదు పోతారు, బెంగళూరు పోతారు, కుప్పం పోయేదెవరని నవ్వారు. నవ్వితే నవ్వారు గాని, వాళ్లలో ఒక్కరు కూడా మదనపల్లె, పుంగనూరు, కుప్పం దారిన పోయిన వాళ్లు కాదు. అందుకే తిరిగొచ్చాక కూర్చుని ఇదంతా రాస్తున్నాను.

ముందు నా సంగతి. ఇరవై ఏడేళ్లుగా ఒంగోల్లో డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నాను. నా చేత తిట్లు తినకుండా లైసెన్సు తెచ్చుకున్న ఆడవాళ్లు మా పేటలో తక్కువ. నాకు మాత్రం ఒకటే పిచ్చి. టాపు లేకుండా, నేలకు ఆనుకుని దూసుకుపోయే రెండు సీట్ల కారు ఒకటి నడపాలి. పెట్రోలు రకాలు ఎలాగూ మన గుమ్మం తొక్కవు. కరెంటు స్పోర్ట్స్ కార్లు వస్తున్నాయి, సామాన్యులకు కాకపోయినా కాస్త గట్టివాళ్లకు అందుతాయి అన్న మాట వినగానే, స్కూలు పక్కన ఉన్న స్థలం అమ్మకానికి పెట్టి మరీ ఒక కంపెనీ జాబితాలో పేరు రాయించుకున్నాను.

వచ్చే ఏడాది ఇస్తామన్నారు. ఆ ఏడాది వచ్చాక మళ్లీ వచ్చే ఏడాది అన్నారు. ఒక కంపెనీ వేదిక మీద అందమైన బండిని తిప్పి చూపించి ఆ తర్వాత నోరు మెదపలేదు. ఇంకొకరు కొనేవాళ్లు తక్కువని పక్కన పెట్టారట. మరొకరు తేలికపాటి బ్యాటరీ తయారయ్యేదాకా ఆగుతామంటున్నారు. విదేశాల నుంచి వచ్చేవి వస్తాయి గాని, సుంకాలు కట్టి షోరూము చేరేసరికి వాటి ధర వింటే గుండె జారుతుంది. నాలాగా పేర్లు రాయించుకున్న వాళ్లందరికీ ఫోన్లో ఒక గ్రూపుంది. రోజూ బొమ్మలు పంపుకుంటాం, ఒకరినొకరు ఓదార్చుకుంటాం, జాబితాలో ఎవరి నంబరు ఎంతకు దిగిందో చెప్పుకుంటాం.

రెండో సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకు గ్లాకోమా. మా అమ్మమ్మ నీటికాసులు అనేది. ఎదురుగా ఉన్నది బాగానే కనపడుతుంది. పక్కచూపే అంచుల నుంచి కొద్దికొద్దిగా పోతుంది, పోయింది మళ్లీ రాదు. "ఒకరోజు స్టీరింగు వదిలెయ్యమంటాను, ఆ రోజు నాతో వాదించకూడదు" అంది మా డాక్టరమ్మ. అప్పటి నుంచి పిల్లలకు పాఠాలు స్కూల్లో నా దగ్గర పనిచేసే లక్ష్మి చేత చెప్పిస్తున్నాను. కంట్లో చుక్కలు వేసుకుంటున్నాను. పరీక్షకు వెళ్లాల్సిన తేదీ దాటి మూడు నెలలైనా వెళ్లలేదు, ఏం చెబుతుందోనని భయం. కారు ముందొస్తుందా, ఆ రోజు ముందొస్తుందా అన్నదే నాకు పట్టుకున్న బెంగ.

అలాంటప్పుడు కుప్పం నుంచి మునెప్ప అనే ఆయన గ్రూపులో ఒక ఫొటో పెట్టాడు. ఎర్రటి కారు, రెండు సీట్లు, టాపు లేదు. బయటి దేశంలో తయారైంది, బెంగళూరులో కొన్నాడట. "వచ్చి చూసుకోండి, నడిపి చూడండి, అందరూ రండి" అని రాశాడు. నేను మర్నాడే నా చిన్న కరెంటు కారు తీశాను. ఆ రోజు కోసం కూర్చోవడం కన్నా ఒక్కసారి నడిపితే చాలనిపించింది.

మదనపల్లె

గుర్రంకొండ కోటను ఎడమ పక్కన వదిలి మదనపల్లె చేరేసరికి సాయంత్రం. ఒంగోలు ఉక్కపోతలో పుట్టినదాన్ని, ఆ చల్లగాలి తగిలేసరికి ప్రాణం లేచి వచ్చింది. లాడ్జిలో దిగి, గీజరు ప్లగ్గు నుంచి బాల్కనీ మీదుగా తీగ వేలాడదీసి కారుకు చార్జింగు పెట్టాను. మేనేజరు వింతగా చూసి ఊరుకున్నాడు. తెల్లారేసరికి ఫ్యూజు పోయి మా అంతస్తులో ఒక్క గదిలోనూ వేడినీళ్లు లేవు. భుజాన తువ్వాలేసుకుని టమోటా వ్యాపారి ఒకాయన నా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"నా స్నానం నీళ్లు మీ కారు తాగేసిందా అమ్మా?"

క్షమించమన్నాను. ఆయన చన్నీళ్లతోనే కానిచ్చి, టిఫిను దగ్గర నా ఎదురుగానే కూర్చున్నాడు. బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి. మా వైపు మరమరాలను తాలింపు వేసి టిఫినంటే ఎవరూ ఒప్పుకోరు, ఇక్కడ రెండో ప్లేటు అడిగాను. టమోటా ధర ఎలా ఉందని అడిగితే, "పొద్దున అడిగితే పొద్దునది చెప్తా, మధ్యాన్నం అడిగితే మధ్యాన్నం చెప్తా. రేపటిది అడగొద్దు" అన్నాడు. నా కార్ల కంపెనీ వాళ్లను ఈయన దగ్గర కొన్నాళ్లు పనిలో పెట్టాలనిపించింది.

బయటికొచ్చి చూస్తే కారు ఎడమ అద్దం వేలాడుతోంది. లాడ్జి గేటుకు ఎప్పుడు తగిలిందో నాకు తెలియనే లేదు. బస్టాండు వెనక ఖాదర్ బాషా అనే టింకరింగ్ మేస్త్రి ఉన్నాడంటే తీసుకెళ్లాను. తెల్లటి గడ్డం, ముక్కు మీద జారే కళ్లజోడు. అద్దం సంగతి అడక్కుండా అరచెయ్యి కారు మీద ఆనించి చుట్టూ ఒక తిరుగు తిరిగాడు. పశువును కొనేముందు నిమిరి చూస్తారే, అలా.

"ఈ బండి ఎవురు నడిపేదమ్మా?"

"నేనే."

"ఇంగెవురూ తాకరా?"

"తాకరు. ఎందుకు?"

"కుడి పక్క ఒగ గీత గూడా లేదు. ఎడమ పక్క సూడండి. తలుపు మీద మూడు, బంపరు మీద రెండు, ఈ వీలు కవరు నలిగిపోయిండాది. ఒగ దినం దెబ్బలు కావివి. పాతవి ఉండాయి, కొత్తవి ఉండాయి."

నాకు కోపం వచ్చింది. ఊరందరికీ బండి నేర్పినదాన్ని, నాకే చెబుతున్నాడు. "మా ఒంగోల్లో వీధులు ఇరుకు" అన్నాను.

"ఇరుకు వీధయితే రెండు పక్కలా గీకుతాది కదమ్మా" అన్నాడు మెల్లగా. అద్దం విప్పుతూ టీ తెప్పించాడు. ఆ గీతల్లో ఒక్కటైనా ఎప్పుడు పడిందో నాకు గుర్తు లేదు.

మాట మార్చడానికి ఫోన్లో నేను పేరు రాయించుకున్న కారు బొమ్మ చూపించాను. ఆయన వేళ్లతో పెద్దది చేసి ముందు చక్రం పైభాగం చాలాసేపు చూశాడు.

"సోకుగా ఉండాది. అయితే ఇది మామూలు రేకు కాదమ్మా. మా రేకు దెబ్బ తింటే వంగుతాది, సుత్తితో లోపల నుంచి కొట్టి లేపుతాం. ఇది పగుల్తాది. పగిలితే ఆ ముక్క బయట దేశం నుంచి రావాల. నెలకొస్తాదో, ఏడాదికొస్తాదో. అంతదాకా బండి షెడ్డులోనే."

"అంటే బండి వచ్చాక కూడా ఎదురుచూడటమేనా?"

"ఇట్లాంటివి పది దిగితే ఈడ ఒగడు పని నేర్సుకుంటాడు. ముందుగా కొనుక్కునేవాళ్లకే తిప్పలు." అద్దానికి మూడొందలు తీసుకున్నాడు. టీ డబ్బులు ఇవ్వబోతే "నక్కో అమ్మా" అని చెయ్యి అడ్డం పెట్టాడు. వెళ్లేటప్పుడు కారు వెంట రోడ్డు దాకా వచ్చి, ఎడమ పక్క నిలబడి, ఏ బండీ రాకుండా చూసి పొమ్మని చెయ్యి ఊపాడు.

పుంగనూరు దాటాక

ఒంగోలు మనిషి పుంగనూరు మీదుగా పోతూ ఆవును చూడకుండా పోతే పాపం. మా గిత్తలు గోపురాల్లా ఉంటాయి, పక్కన నిలబడితే మనం వాటి మూపురం అందుకోలేం. ఇక్కడి ఆవు నా నడుము దాటదు. పెద్దపంజాణి పోయే దారిలో ఒక పల్లెలో రెడ్డెమ్మ అనే ఆమె పెంచుతోందని చెప్పారు. నేను వెళ్లేసరికి ఆమె దొడ్డిలో నిలబడి ఫోన్లో ఎవరినో కసురుతోంది.

"యాల మాటిమాటికీ చేస్తావప్పా? ఇంగా పుట్టనేలేదు. పుట్టినాక రాపో." ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. "నువ్వూ దూడ కోసమేనా తల్లీ?"

చూసిపోదామని వచ్చానంటే మెత్తబడింది. వెళ్లబోతుంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి రాగిసంగటి, చెనక్కాయల ఊరుబిండి, అంటే వేరుశెనగ పచ్చడి, పెట్టింది. సంగటిని నేను అన్నంలా నమలబోతే నవ్వి, ముద్ద చేసి అద్దుకుని మింగాలని చూపించింది. ఈ వయసులో నాకొకరు తినడం నేర్పడం, నేను బుద్ధిగా నేర్చుకోవడం బాగానే అనిపించింది.

దూడల కోసం ఎక్కడెక్కడి నుంచో అడుగుతున్నారట. ఆవు చూలుతో ఉందని తెలిస్తే చాలు, బయానా పంపుతామంటారు. రెడ్డెమ్మ తీసుకోదు. పేరు కూడా రాసుకోదు. దూడ పుట్టి, ఒక అమావాస్య దాటి, గడ్డి కొరకడం మొదలుపెట్టిన రోజున దొడ్డి ముందు ఎవరు నిలబడి ఉంటే వాళ్లకే ఇస్తుంది.

"ముందుగా అడిగినవాళ్లకు అన్యాయం కాదా?" అన్నాను. వరుసలో ఉన్నదాన్ని కదా, నాకు పట్టింపు.

"ముందర రాసుకుంటానే ఉంటిని. హైదరాబాదులో ఒగ పెద్దాయన ఉండె. మూడేండ్లు అడిగినాడు. రెండు తూర్లు కోడెదూడలు పుట్టె, ఆయనకి పెయ్యే కావాలంటాడు. మూడో తూరి పెయ్య పుట్టింది. సంతోషంగా ఫోన్ చేస్తే ఆయప్ప కొడుకు ఎత్తినాడు. నాయన పోయి నెలయిందని చెప్పె." చెంగుతో మూతి తుడుచుకుంది. "ఆయన పేరు నా పుస్తకంలోనే ఉండాది. ఆ పుస్తకం ఆ దినమే మూసేసినా. లేనిదాని కోసం ఒగ మనిషిని కూసోబెట్టేది పాపం తల్లీ."

నా కారు సంగతి చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"ఎప్పుడిస్తారంట?"

"వచ్చే ఏడాది."

"పోయిన ఏడు ఏం చెప్పిరి?"

"వచ్చే ఏడాదనే."

"సరే, వాళ్లు ఎప్పుడో ఒగప్పుడు ఇస్తార్లే. అంతదాకా నువ్వు బాగుండాల కదా" అంది. ఆమెకు నా కళ్ల సంగతి తెలియదు. ఊరికే, పెద్దవాళ్లు అనే మాటలా అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఊరుబిండి కారమని చెప్పి మజ్జిగ అడిగాను.

కుప్పం

పలమనేరు, వి.కోట మీదుగా పోతుంటే ఏనుగులు వస్తాయి జాగ్రత్త అని బోర్డులు. ఏనుగు పక్క నుంచి వస్తే నాకు కనపడుతుందా అని నవ్వుకున్నాను. ఆ నవ్వు నాకే నచ్చలేదు. ఆ రాత్రి కుప్పంలో ఆగి, పొద్దున్నే ఊరి బయట మునెప్ప గ్రానైటు పాలిషింగు షెడ్డుకు వెళ్లాను. ఇక్కడ ఒక మాట తెలుగు, ఒక మాట కన్నడం, ధర దగ్గరికి వచ్చేసరికి అరవం. వస్తామన్న గ్రూపు వాళ్లలో వచ్చింది నేనొక్కదాన్నే.

మునెప్పకు నలభై దాటి ఉంటాయి. రాతిపొడి పడ్డ చొక్కా, వేలికి ఉంగరాలు. బండి వచ్చి రెండు నెలలైనా ఒక్క అడుగు నడపలేదట. పెదనాయన పోవడంతో ఇంట్లో మైల, పూజ ఆగింది. పూజ కాని బండిని రోడ్డెక్కించకూడదు. "లారీలో దించినాము మేడం, దించినకాడే సుమ్మా, ఊరికే నిలబెట్టేసినా. దినామూ పొద్దున వచ్చి గుడ్డతో తుడిచి పోతాండాను" అన్నాడు. రెండేళ్లు ఎదురుచూసి తెచ్చుకున్నవాడు మరో రెండు నెలలు దాని పక్కనే నిలబడి ఎదురుచూశాడు. ఆ రోజుకు మంచిరోజు కుదిరాకే గ్రూపులో అందరినీ రమ్మన్నాడట.

పూజారి నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ పైకెత్తి "స్టార్టు చెయ్యప్పా" అన్నాడు. మునెప్ప బటను నొక్కాడు. పూజారి చెయ్యి దించలేదు.

"చెయ్యమంటి కదప్పా."

"చేసేసినా సామీ."

"యాడ? సౌండే రాలేదే."

"ఇది కరెంటుది సామీ, సౌండు రాదు."

పూజారి ఆలోచనలో పడ్డాడు. ఇంజను మోగుతుంటేనే ఆయనెప్పుడూ కాయ కొట్టేది. "అయితే హారనన్నా కొట్టు. బండి కదిలిందని అమ్మోరికి తెలియాల కదా" అన్నాడు. మునెప్ప హారను మోగించాడు, కాయ పగిలింది, అందరం చప్పట్లు కొట్టాం.

ఆ తర్వాత మునెప్ప నా దగ్గరికొచ్చి చెవిలో చెప్పినట్టు అన్నాడు. "ఫస్టు మీరు నడపండి మేడం. మీరు ఇరవై ఏడేండ్లుగా నేర్పిస్తాండారు. నాకు ధైర్యం చాల్లేదు."

ఒప్పుకోకూడదని తెలుసు. ఖాదర్ బాషా నిమిరి చూసిన గీతలు గుర్తొచ్చాయి. అయినా ఎక్కి కూర్చున్నాను. ఇలాంటి కారు మళ్లీ నా చేతికి రాదు.

రోడ్డు చేరడమే ఒక తతంగం. ఆ కారు పొట్ట నేలకు బెత్తెడు ఎత్తులో ఉంటుంది, మన స్పీడ్ బ్రేకరు దాటలేదు. షెడ్డు మనుషులు ఇద్దరు గ్రానైటు పలకలు మోసుకొచ్చి బ్రేకరుకు అటూ ఇటూ ఏటవాలుగా వేసి, మేం దాటగానే తీసి, తరువాతి బ్రేకరు దగ్గరికి పరుగెత్తారు. క్వారీకి పోయే తారురోడ్డు ఎక్కాక మాత్రం బ్రేకర్లు లేవు. వాళ్లను అక్కడే ఆపి యాక్సిలరేటరు తొక్కాను.

వీపు సీటుకు అంటుకుపోయింది. చప్పుడు లేదు, గేర్లు లేవు, గాలి ఒక్కటే. యాభై నాలుగేళ్ల మనిషిని, గట్టిగా కేక పెట్టాను. పక్కన మునెప్ప కూడా కేక పెట్టాడు. బతుకులో ఇంత సంతోషం నాకు రెండు మూడుసార్ల కన్నా కలగలేదు. దారి తిన్నగా ఉంది, ఎదురుగా ఒక్క బండి లేదు, అంతా స్పష్టంగా కనపడుతోంది.

"మేడమ్!"

మునెప్ప చెయ్యి స్టీరింగు మీద పడింది. నేను బ్రేకు తొక్కాను. కారు జారి నిలబడింది. పచ్చటి ఆకులు ముందు అద్దం మీద, బానెట్టు మీద, నా ఒళ్లో కురిశాయి. ఎడమ పక్కన, తలుపుకు మూరెడు దూరంలో, ఒకామె రోడ్డు మీద కూలబడి ఉంది. పట్టుపురుగుల మేతకు మల్బరీ ఆకుమోపు నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటబోయింది. మోపు అడ్డమై మమ్మల్ని చూడలేదు. భయానికి మోపు ఎగిరి కారు మీద పడింది. ఆమెకు గోరంత దెబ్బ కూడా తగల్లేదు.

నేను దిగలేకపోయాను.

ఆమె లేచి చీర దులుపుకుని కారును ఆ చివర నుంచి ఈ చివరకు చూసింది. "సౌండే లేకుండా వస్తే ఎట్ల తల్లీ? బండొస్తాండాదని నాకెట్ల తెలుస్తాది?"

"అవును మేడం, తప్పు ఈ బండిదే" అన్నాడు మునెప్ప. "దీనికి సౌండు పెట్టించాల. మీరేం చేస్తారు, ఎవురు నడిపినా ఇంతే."

ఇద్దరూ నాకు తప్పించుకునే దారి చూపించారు. అవునంటే చాలు, అక్కడితో అయిపోయేది. వెనక్కి తిరిగి నడుపుకుంటూ పోయేదాన్ని. కుప్పం నుంచి ఒంగోలు దాకా కూడా నడుపుకుంటూ పోయేదాన్ని. అవునని అనబోయాను కూడా.

"సౌండు కాదు మునెప్పా" అన్నాను. "ఆమె ఆ గట్టు దిగి, రోడ్డు ఎక్కి, నా పక్కకు వచ్చేదాకా నాకు కనపడలేదు. నా కళ్లకు ఎడమ పక్కన ఏమీ లేదు. ఏడాదిగా లేదు."

మొదటిసారి పైకి అన్నాను, అదీ పేరు తెలియని మనిషి ముందు. ఆమె నా వైపు చూసింది, తిడుతుందనుకున్నాను. "అట్లయితే దిగు తల్లీ" అంది అంతే.

దిగాను. ముగ్గురం రోడ్డు మీద చెదిరిన ఆకులన్నీ ఏరాం. పురుగులు ఆఖరిదైన నాలుగో నిద్ర లేచి ఆకలి మీదున్నాయి, ఈ పూట ఆకు తప్పితే గూడు కట్టవని చెప్పింది. మోపు కట్టి ఆమె నెత్తికి ఎత్తాను. ఆమె పోయాక మునెప్ప తన బండిని మొదటిసారి తనే నడిపాడు, నెమ్మదిగా, చిన్న పిల్లవాడిలా నోరు తెరుచుకుని. మలుపు దగ్గర కాలు ఎప్పుడు తియ్యాలో ఎడమ సీట్లో కూర్చుని చెప్పాను. రెండో మలుపుకు చెప్పాల్సిన పని లేకపోయింది.

తిరుగు దారి

నా కారును మునెప్ప డ్రైవరు తర్వాత ఒంగోలు చేరుస్తానన్నాడు. నేను కుప్పం స్టేషన్లో రైలెక్కాను. మునెప్ప వాళ్లమ్మ ఇచ్చిన ఓళిగల పొట్లం ఒళ్లో ఉంది. మావైపు వాటినే బొబ్బట్లంటాం. ఇవి పలచగా, కాగితంలా ఉన్నాయి, రుచి మాత్రం ఒకటే. కిటికీ పక్క సీటు దొరికింది. రైల్లో ఏ పక్క చూడకపోయినా ఎవరి ప్రాణానికీ ఏమీ కాదు. ఆ మాట అనుకున్నాక కాట్పాడి దాకా ఏడుస్తూనే ఉన్నాను. ఎదురు సీటావిడ నీళ్ల సీసా ఇచ్చింది.

ఇంటికొచ్చిన మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. వాదించలేదు. తర్వాత కార్ల కంపెనీకి ఫోను చేసి నా పేరు తీసెయ్యమన్నాను. అటు పక్క అమ్మాయి మర్యాదగా, వచ్చే ఏడాది తప్పకుండా వస్తుంది మేడం, ఇన్నాళ్లు ఆగినవాళ్లు ఇప్పుడు వదులుకోవద్దు అంది. ఆ పిల్ల నిజమే చెబుతోందేమో. వస్తాయి. ఆలస్యంగా, ధర ఎక్కువగా, బాగుచేసేవాళ్లు లేకుండా, అయినా వస్తాయి. మునెప్ప మొహం చూశాక ఆ సంగతిలో నాకు అనుమానం లేదు. తీసెయ్యమనే చెప్పాను.

ఆ సాయంత్రం గ్రూపు తెరిస్తే అంతా సందడిగా ఉంది. కర్నూలు నుంచి ఒక అబ్బాయి, నేనెప్పుడూ చూడనివాడు, పూల బొమ్మలతో రాశాడు. "అన్నలూ అక్కలూ, గుడ్ న్యూస్! ఎవరో పేరు తీసేసుకున్నట్టున్నారు, ఈరోజు నా నంబరు ఒకటి ముందుకు జరిగింది!" కింద ముప్పై మంది అభినందనలు చెప్పారు.

నేను కూడా చెప్పాను.